ఓడను ఆపిన ఊళ్ళో లా చదువు



పోయిన వేసవిలో ఓ సాయంత్రం మా ఆఫీసుకి ఒక అమ్మాయి వచ్చింది. గాజువాక నుంచి. వాళ్ళ నాన్న స్టీలుప్లాంటులో కాంట్రాక్టు కార్మికుడు. లాసెట్ రాసి మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీలో చేరింది, రెండో ఏడు నడుస్తోంది. చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు, అందులో బయోడేటా కాపీలు నాలుగు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"సార్, హైదరాబాదులో, ఢిల్లీలో ముప్ఫై ఆఫీసులకి ఇంటర్న్‌షిప్ కోసం మెయిల్ పెట్టానండి. ఒక్కరూ జవాబివ్వలేదు. ఒకాయన మాత్రం ఫోనెత్తి ఏ కాలేజీ అని అడిగారు. చెప్పాను. ఎక్కడుందమ్మా అది అన్నారు. అదీ చెప్పాను. పెట్టేశారు" అంది.

ఏడుస్తూ చెప్పలేదు. పూర్ణా మార్కెట్లో వంకాయల ధర చెప్పినట్టు చెప్పింది. అందుకేనేమో నాకు బాగా గుచ్చుకుంది.

నేనూ అలాంటి కాలేజీలోనే చదివాను. దాని పేరు చెప్పను. చెప్పినా మీలో చాలామందికి తెలీదు. అక్కడ లైబ్రరీ ఉండేది. దానికి తాళం ఉండేది. ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో మూడేళ్ళూ కనుక్కోలేకపోయాను. పాఠం అంటే నోట్సు. మేష్టారు చదివేవారు, మేం రాసుకునేవాళ్ళం. ఆయన దగ్గరున్న నోట్సు అంచులు అప్పటికే పసుపురంగుకి తిరిగిపోయాయి.

కాబట్టి ఈ పూట చెప్పబోయేది ఎత్తు మీద నిలబడి చెప్పే సలహా కాదు. పేరులేని లా కాలేజీలో చదివే పిల్లలకి, అందులోనూ విశాఖపట్నంలో చదివేవాళ్ళకి, ఒక మాట చెప్పాలనిపించింది. అంతే.

ముందు ఒక నిజం ఒప్పుకుందాం. పేరుకి విలువ ఉంది. 1980ల చివర్లో బెంగళూరులో నేషనల్ లా స్కూల్ మొదలైనప్పటి నుంచీ మన దేశంలో లా చదువు రెండు పాయలైంది. హైదరాబాదులో నల్సార్ 1998లో వచ్చింది. మన సబ్బవరంలో ఉన్నది 2008 నాటిది. దానికి రాష్ట్రానికి తొలి దళిత ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య పేరు పెట్టారు. ఆయనా మద్రాసులో లా చదివినవాడే. క్లాట్ రాసి ఈ జాతీయ విశ్వవిద్యాలయాల్లోకి వెళ్ళిన పిల్లల్ని పెద్ద లా ఫర్ములు చదువు పూర్తికాకముందే ఎంచుకుంటాయి. రేపు ఎవరైనా మీతో "కాలేజీ పేరుతో పనేముంది, సత్తా ఉంటే చాలు" అంటే పూర్తిగా నమ్మకండి. ఆ మాట అనేవాళ్ళు తరచుగా మంచి పేరున్న కాలేజీల్లో చదివినవాళ్ళే అయి ఉంటారు.

ఇలాంటప్పుడు మనవాళ్ళు ఓదార్పుకి కొన్ని పేర్లు చెప్తారు. చెప్పుకోదగ్గ పేర్లే. కృష్ణా జిల్లా పెదముత్తేవిలో పుట్టిన జాస్తి చలమేశ్వర్ గారు మద్రాసు లయోలాలో ఫిజిక్స్ చదివి, ఇక్కడికొచ్చి మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లా చేశారు. 1976లో పట్టా తీసుకున్నారు. 2011లో సుప్రీంకోర్టు జడ్జి అయ్యారు. 2015లో జడ్జీల నియామకాల కమిషన్ కేసులో అయిదుగురు కూర్చుంటే నలుగురు ఒకవైపు, ఆయనొక్కరూ ఒకవైపు. ఎన్వీ రమణ గారు, ఎల్ నాగేశ్వరరావు గారు ఇద్దరూ నాగార్జున విశ్వవిద్యాలయం వాళ్ళే. ఒకరు దేశ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఇంకొకరు 2016లో బార్ నుంచి నేరుగా సుప్రీంకోర్టు బెంచీ మీదికి వెళ్ళారు.

అయితే నాకు ఈ జాబితాల మీద కొంచెం అనుమానం. సముద్రంలో ఒక్కడు ఈదాడని అందర్నీ దూకమనలేం కదా. పైగా వాళ్ళ కాలంలో మా ఊళ్ళల్లో లా అంటే ఆ విశ్వవిద్యాలయాలే. అవే పెద్ద పేర్లు. ఇప్పుడా అమ్మాయి చదివే కాలేజీ సంగతి వేరు. అందుకని ఆమెకి నేను ఈ పేర్లేవీ చెప్పలేదు. ఒక ఓడ కథ చెప్పాను.

మా క్లాసులో నా పక్క బెంచీలో ఒక పోర్టు ఉద్యోగి ఉండేవాడు. అప్పటికే ఆయనకి యాభై దగ్గర పడింది. సరుకు కాగితాలు చూసే విభాగంలో పని. ప్రమోషన్ కోసం లా చదువుతున్నానని చెప్పేవాడు గానీ, అసలు కారణం అది కాదని నా నమ్మకం. రేవులో పాతికేళ్ళుగా తన చేతుల మీదుగా వెళ్ళిన కాగితాల అర్థం ఏమిటో తెలుసుకోవాలని వచ్చాడు. ఒకరోజు మేష్టారు కాంట్రాక్టు చట్టం నోట్సు చదువుతుంటే, ఈయన సంచీలోంచి ఒక మడత కాగితం తీసి నా ముందు పెట్టాడు. ఖాళీ బిల్ ఆఫ్ లేడింగ్. "దీన్ని చూసేవా ఎప్పుడైనా?" అన్నాడు.

చూడలేదు. పోర్టుకి మూడు మైళ్ళ దూరంలో పుట్టి పెరిగిన నేను దాన్ని అప్పుడే మొదటిసారి చూశాను. సరుకు ఓడకెక్కిందని ఓడవాళ్ళు ఇచ్చే కాగితం అది. రసీదూ అదే, రవాణా ఒప్పందానికి రుజువూ అదే. ఆ కాగితం చేతిలో ఉన్నవాడికే అవతలి రేవులో సరుకు అప్పజెప్పాలి. మామూలుగా మూడు ఒరిజినల్స్ ఇస్తారు. "మూడెందుకు?" అన్నాను. "ఒకప్పుడు టపా కూడా ఓడల్లోనే వెళ్ళేది కదా. ఒకటి మునిగిపోతే ఇంకోటి చేరుతుందని" అన్నాడు. నా చదువులో నాకు బాగా అర్థమైన మొదటి పాఠం అదే. అది సిలబస్‌లో లేదు.

తరవాత ఆయనే ఎం.వి. ఎలిజబెత్ కేసు చెప్పాడు. 1984 సంగతి. గోవా కంపెనీ ఒకటి మార్మగోవా రేవులో ఒక విదేశీ ఓడలో సరుకు ఎక్కించింది. ఆ ఓడ బిల్ ఆఫ్ లేడింగ్ ఇవ్వకుండానే లంగరెత్తేసింది. సరుకు ఇవ్వొద్దని ఈ కంపెనీ చెప్పినా, అవతలి రేవులో దించేసి ఇచ్చేసింది. ఇక్కడివాళ్ళకి డబ్బు రావాలి. అడుగుదామంటే ఓడ సొంతదారులు పరాయి దేశస్థులు, ఇక్కడ వాళ్ళకి ఇల్లూ వాకిలీ లేదు. కొన్ని నెలలకి అదే ఓడ మన విశాఖ రేవులోకి వచ్చింది. గోవా వాళ్ళు హైదరాబాదు వెళ్ళి హైకోర్టులో దావా వేసి, ఓడని ఇక్కడే అరెస్టు చేయించారు.

"ఓడకి బేడీలు వేస్తారా?" అని అడిగాను. ఆయన నవ్వి, "కోర్టు ఆర్డరు పట్టుకెళ్ళి ఓడ మీద అంటిస్తారు. ఇంకో కాపీ పోర్టు వాళ్ళకిస్తారు. ఆ ఇరుకు దారిలో, డాల్ఫిన్స్ నోస్ పక్కనుంచి, మన పైలట్ ఎక్కి నడపకపోతే ఓడ ఎక్కడికెళ్తుంది?" అన్నాడు.

ఓడవాళ్ళు బ్యాంకు గ్యారంటీ కట్టి ఓడని విడిపించుకున్నారు గానీ, దావా ఆగలేదు. వాళ్ళ వాదన వినండి. మన హైకోర్టులకి ఓడల మీద ఉన్న అధికారమంతా 1861 నాటి ఇంగ్లీషు చట్టం నుంచి వచ్చింది. ఆ చట్టం రేవులోకి వచ్చే సరుకు గురించి చెప్పింది గానీ, రేవు నుంచి బయటికి వెళ్ళే సరుకు గురించి చెప్పలేదు. కాబట్టి మీకు అధికారం లేదు పొమ్మన్నారు. 1992 ఫిబ్రవరి 26న సుప్రీంకోర్టు, జస్టిస్ తొమ్మెన్, జస్టిస్ సహాయ్, ఆ వాదన కొట్టేశారు. మన హైకోర్టుల అధికారం తెల్లవాళ్ళ చట్టం దగ్గర గడ్డకట్టుకుపోలేదని తేల్చారు. ఆ తీర్పు తరవాత పాతికేళ్ళు దేశంలో ఓడల కేసులు ఏ రేవులో పడ్డా దాన్నే పట్టుకుని నడిచాయి. చివరికి 2017లో పార్లమెంటు అడ్మిరాల్టీ చట్టం చేసి 1861 నాటిదాన్ని పక్కన పెట్టింది. 2018 ఏప్రిల్ నుంచి అది అమల్లో ఉంది.

ఈ కథ చెప్పి ఆ అమ్మాయిని అడిగాను. "ఢిల్లీలో పిల్లలు ఈ కేసు పుస్తకంలో చదువుతారు. నువ్వు ఆ ఓడ ఆగిన నీళ్ళని రోజూ బస్సులోంచి చూస్తావు. ఈ కేసు ఎప్పుడైనా విన్నావా?" వినలేదంది. తప్పు ఆమెది కాదు. ఆమెకి ఎవరూ చెప్పలేదు.

ఓడ కేసొక్కటే కాదు. మన ఊరి చుట్టుపక్కల సంగతే చూడండి. అనంతగిరి మండలంలో నిమ్మలపాడు, బొర్రా గుహల దగ్గర. అక్కడి గిరిజనుల భూముల్లో గనుల లీజుల మీద సమత అనే సంస్థ వేసిన కేసులో 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకి భూమి ఇవ్వకూడదన్న నిబంధనలో "వ్యక్తి" అనే మాట ఉంది. ఆ "వ్యక్తి"లో ప్రభుత్వం కూడా వస్తుందా? వస్తుందన్నారు, ముగ్గురిలో ఇద్దరు. ఒక్క మాటకి అర్థం తేల్చారు, గనుల లీజులు కదిలాయి. అరకు రైలెక్కి బొర్రాలో దిగితే ఆ కేసు కొండల రూపంలో కనిపిస్తుంది. ఏజెన్సీకి పిక్నిక్కి వెళ్ళి బొంగు చికెన్ తిని వచ్చే మన లా విద్యార్థుల్లో ఎంతమందికి ఆ సంగతి తెలుసో.

2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో ఒక కంపెనీ నుంచి స్టైరీన్ గ్యాసు లీకై పన్నెండుమంది పోయారు. మర్నాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ కంపెనీని యాభై కోట్లు డిపాజిట్ చేయమంది. ఆ ఆర్డరులో "స్ట్రిక్ట్ లయబిలిటీ" అన్న మాట పడింది. అది చాలదు, 1980లలో ఓలియం గ్యాస్ కేసులో మన సుప్రీంకోర్టే చెప్పిన "అబ్సల్యూట్ లయబిలిటీ" అనాలి అని లా వాళ్ళలో పెద్ద చర్చ నడిచింది. టార్ట్స్ పేపర్లో ఈ రెండిటికీ తేడా రాయమంటే మన పిల్లలు పది మార్కులకి ఇంగ్లండు మిల్లు, నీళ్ళ చెరువు కథ రాస్తారు. గోపాలపట్నం దాటితే ఉన్న ఊరి సంగతి రాయరు. రాస్తే మార్కులు వేస్తారో వేయరో అన్న భయం ఒకటి. ఆ భయం పెట్టింది మేమే, పాఠం చెప్పేవాళ్ళం.

అన్నట్టు చెప్పడం మరిచాను. పని చేసే చోట ఆడవాళ్ళ మీద వేధింపుల గురించిన విశాఖ కేసు, అదే 1997లో వచ్చింది, మన విశాఖది కాదు. జైపూర్లోని ఒక సంస్థ పేరు అది. మా బ్యాచ్‌లో ఒకడు వైవాలో "మా ఊరి కేసే సార్" అని గర్వంగా చెప్పాడు.

సరే, అసలు సంగతికి వస్తాను. ప్రతి లా కోర్సులోనూ మూట్ కోర్టు పేపరని ఒకటి ఉంటుంది. అందులో ముప్ఫై మార్కులు ఏమిటంటే, విద్యార్థి కోర్టుకి వెళ్ళి ఒక సివిల్ కేసు, ఒక క్రిమినల్ కేసు విచారణ చూసి, రికార్డు రాయాలి. ఇంటర్న్‌షిప్ కూడా, మూడేళ్ళ కోర్సుకి మొత్తం పన్నెండు వారాలు, అయిదేళ్ళదానికి ఇరవై. బార్ కౌన్సిల్ 2008లో పెట్టిన నిబంధనలు ఇవి. చాలా బాగున్నాయి. మరి జరిగేదేమిటి? పరీక్షలకి వారం ముందు సీనియర్ల రికార్డు తెచ్చుకుంటారు. కేసు నంబరు, వాది, ప్రతివాది, అన్నీ చూసి దింపేస్తారు. రంగు స్కెచ్‌పెన్నుతో అంచులు గీస్తారు. ఒకసారి ఎగ్జామినరుగా వెళ్తే ఇరవైమంది రికార్డుల్లో ఒకే ప్రోనోటు కేసు, ఒకే సాక్షి, ఒకే తప్పు స్పెల్లింగు. ఆ తప్పుని ఏ సంవత్సరం ఎవరు చేశారో గానీ, అది వారసత్వంగా వస్తోంది.

పేరులేని కాలేజీలో చదివేవాళ్ళు పోగొట్టుకుంటున్నది నిజానికి ఇక్కడే. సబ్బవరం వాళ్ళకో, హైదరాబాదు వాళ్ళకో మనకంటే మంచి లైబ్రరీ ఉంది, నిజమే. కానీ జిల్లా కోర్టులో వెనక బెంచీ అందరికీ ఒక్కటే. ఉదయం పదిన్నరకి కాల్ వర్క్ మొదలవుతుంది. అటెండరు గుమ్మంలో నిలబడి పార్టీ పేరు మూడుసార్లు పిలుస్తాడు. బెంచి క్లర్కు తలెత్తకుండా, వకాల్తా వేశారా, బత్తా కట్టారా అని అడుగుతాడు. ఏ కాలేజీ అని ఎవరూ అడగరు.

ఆ బెంచీ మీద ఏం నేర్చుకుంటారో నా మీదే జరిగింది చెప్తాను. ఒక ప్రోనోటు దావా. నేను వాది తరపు. నోటు మీద తేదీ 2014 అక్టోబరు 14. దావా గడువులోపే వేశాం. నోటు రాసిన ఆయన్ని రెండో సాక్షిగా పెట్టాం. చీఫ్ అఫిడవిట్, అంటే ప్రమాణం చేసి రాసిచ్చే సాక్ష్యం, బ్రహ్మాండంగా వచ్చింది. క్రాస్‌కి అంటే మా సాక్షిని ఎదురు ప్రశ్నలు అడగడానికి, అవతలి ప్లీడరు లేచాడు. మెల్లగా మాట్లాడే మనిషి.

"నోటు ఎక్కడ రాశారండీ?"

"వాది ఇంట్లో. ఎంవీపీ కాలనీ."

"ఎన్నింటికి?"

"రాత్రి ఎనిమిది, ఎనిమిదిన్నర."

"బాగా గుర్తుందా? చీకట్లో రాస్తే గీతలు పక్కకి పోతాయి కదా. ఇది చాలా తిన్నగా ఉంది."

"చీకటెందుకుంటుందండీ, హాల్లో ట్యూబులైటు కింద కూర్చుని రాశాను. ఫ్యాను కూడా ఆపించాను, కాగితం ఎగురుతోందని."

అవతలాయన కాసేపు మాట్లాడలేదు. కోర్టు హాల్లో ఉన్నవాళ్ళందరం విశాఖపట్నం వాళ్ళమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి ఊరిని నేలమట్టం చేసింది. పద్నాలుగో తారీఖు రాత్రి ఎంవీపీ కాలనీలో కరెంటు ఎక్కడిది? కొవ్వొత్తులు దొరక్క మనుషులు దుకాణాల ముందు వరస కట్టారు. జడ్జి గారు పెన్ను కింద పెట్టారు. నేను నా ఫైలులోకి చూస్తూ ఉండిపోయాను. ఆ దావా పోయింది. ఆ ప్లీడరు ఏ కాలేజీలో చదివాడో నాకు ఇవాళ్టికీ తెలీదు. సాక్ష్య చట్టంలో ఏ సెక్షన్ ఆయనకి ఆ ప్రశ్న నేర్పింది? ఆ మూడు రోజులూ ఆయన తన ఇంట్లో చీకట్లో కూర్చున్నాడు, అంతే. నేనూ కూర్చున్నాను. నాకు తట్టలేదు.

మన కోర్టుల గురించి, మన ప్లీడర్ల గురించి తెలియాలంటే రావిశాస్త్రి గారిని చదవమని పిల్లలకి చెప్తుంటాను. రాచకొండ విశ్వనాథశాస్త్రి ఈ ఊళ్ళోనే ప్రాక్టీసు చేశారు. ఆయన ఆరు సారా కథలు సంపుటి ఏ ప్రొసీజర్ పుస్తకానికీ తీసిపోదు. అందులో "మాయ" అనే కథలో జూనియర్ ప్లీడరుకి చట్టం ఎలా నడుస్తుందో సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ చెప్తుంది. పట్టా లేని మనిషి పట్టా ఉన్నవాడికి చెప్పే పాఠం. లా విద్యార్థులకి అది సిలబస్‌లో పెట్టాలని నేను చాలా ఏళ్ళుగా అంటున్నాను, ఎవరూ వినట్లేదు.

ఆ అమ్మాయిని మా ఆఫీసులోనే నాలుగు వారాలు ఉండమన్నాను. పనేమిటంటే, రోజూ కోర్టుకి రావడం, వెనక బెంచీ మీద కూర్చోవడం, సాక్షి ఏం చెప్పాడో చెప్పినట్టే తెలుగులో రాసుకోవడం. ఇంగ్లీషులో వద్దన్నాను. మొదట ఆమెకది నచ్చలేదు. తెలుగు మీడియంలో చదివింది, ఇంగ్లీషు నేర్చుకుందామని వస్తే మళ్ళీ తెలుగేనా అన్నట్టు చూసింది. ఇంగ్లీషు కావాలి, దాన్ని తప్పించుకోలేం, తీర్పులు అందులోనే ఉంటాయి. వారానికి ఒక్క తీర్పు చదివి, అందులో గొడవ ఏమిటో అర పేజీలో చేత్తో రాయమన్నాను. ఒక్కటే. మా రోజుల్లో తీర్పు చదవాలంటే బార్ అసోసియేషన్ లైబ్రరీలో ఏఐఆర్ పుస్తకం ఎవరి బల్ల మీద ఉందో వెతుక్కోవాలి, దొరికితే మనకి కావలసిన పేజీయే చిరిగి ఉండేది. ఇప్పుడు 2023 నుంచి సుప్రీంకోర్టు తన తీర్పుల్ని ఈ-ఎస్‌సీఆర్‌లో ఉచితంగా పెడుతోంది. రాజ్యాంగ ధర్మాసనం విచారణలు ఫోన్లో ప్రత్యక్షంగా చూడొచ్చు. లైబ్రరీ తాళం గొడవ ఆ మేరకు తీరింది.

రెండో వారంలో ఒక ఆస్తి దావా విచారణకొచ్చింది. ఆనందపురం వైపు ఎకరంన్నర భూమి. ఆ భూమి ఇప్పుడు ఎంత పలుకుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. సాక్షి మా పార్టీ, డెబ్భై ఏళ్ళ ముసలాయన. క్రాస్‌లో అవతలి ప్లీడరు అడిగాడు, 2009 నుంచి ఆ భూమితో మీకేం సంబంధం ఉందని. ముసలాయన, "ఏటుంటాది బాబూ, అప్పట్లో నానా భూమి ఒగ్గీసినాను" అన్నాడు.

మన కోర్టుల్లో సాక్షి తెలుగులో చెప్తాడు, వాంగ్మూలం ఇంగ్లీషులో టైపవుతుంది. ఆ వాక్యం, "ఐ రెలింక్విష్డ్ ద ల్యాండ్" అని పడింది. అంటే హక్కు వదులుకున్నాను అని. అవతలి ప్లీడరు ఠక్కున కూర్చున్నాడు. ఇంకేం అడుగుతాడు? నేనప్పుడు ఇంకో కోర్టులో ఉన్నాను, నా జూనియరు చూస్తున్నాడు. గుంటూరు వైపు కుర్రాడు, మంచివాడే, అతనికీ ఆ మాట అలాగే వినపడింది.

లంచ్‌లో ఈ అమ్మాయి మా గుమస్తా దగ్గరికెళ్ళి తన నోటుబుక్కు చూపించింది. "అన్నయ్యా, ఒగ్గీడం అంటే అమ్మేయడం కాదు కదా. మా అమ్మమ్మ కూడా పొలం ఒగ్గీసింది, నాలుగేళ్ళు దున్నలేదు, అంతే. పొలం ఇప్పటికీ మాదే" అంది. గుమస్తాది భీమిలి. ఆయనకి వెంటనే అర్థమైంది. నాకు ఫోను చేశాడు. లంచ్ తరవాత రీ-ఎగ్జామినేషన్‌లో నేను లేచి, కోర్టు అనుమతితో, "తాతా, ఒగ్గీసినావంటే ఏటి సేసినావు?" అని అడిగాను. ముసలాయన నన్ను పిచ్చివాడిని చూసినట్టు చూశాడు. "ఏటి సేస్తాను, దున్నడం మానీసినాను. నడుం నొప్పొచ్చింది కదా. పట్టా కాగితం నా పెట్టిలోనే ఉంది" అన్నాడు. అదీ రికార్డయింది.

ఆ అమ్మాయి ఢిల్లీలో ఇంటర్న్‌షిప్ చేసి ఉంటే ఇంకేవో నేర్చుకునేది, నేను కాదనను. కానీ ఢిల్లీలో పేరున్న కాలేజీ కుర్రాడు ఆ వెనక బెంచీ మీద కూర్చుని ఉంటే, ఆ ఎకరంన్నర ఆ ఒక్క మాట దగ్గరే పోయేది.

పేరున్న కాలేజీ తలుపు తెరవని ఇంకొకరి కథ ఉంది. అమెరికాలో తర్‌గుడ్ మార్షల్ అని ఒక నల్లజాతి లాయరు ఉండేవాడు. ఆయన ఊరు బాల్టిమోర్. అక్కడే మేరీలాండ్ విశ్వవిద్యాలయం లా కాలేజీ ఉన్నా నల్లవాళ్ళని చేర్చుకునేది కాదు. అందుకని వాషింగ్టన్లో హోవర్డ్ విశ్వవిద్యాలయానికి రోజూ రైల్లో వెళ్ళొచ్చేవాడు, అచ్చం అనకాపల్లి నుంచి వచ్చే మన పిల్లల్లా. 1933లో క్లాసులో మొదటివాడిగా బయటికొచ్చాడు. రెండేళ్ళు తిరిగేసరికి అదే మేరీలాండ్ కాలేజీ మీద ఇంకో నల్లజాతి కుర్రాడి తరఫున వాదించి సీటు ఇప్పించాడు. 1967లో సుప్రీంకోర్టు జడ్జి అయ్యాడు. నాకు ఆ జడ్జి పదవి కంటే మేరీలాండ్ కేసే ఎక్కువ ఇష్టం.

ఇక డబ్బు సంగతి. ఇది దాచిపెట్టి లాభం లేదు. జూనియర్‌గా మొదటి మూడేళ్ళు బస్సు పాసుకి కూడా కష్టమే. ఎన్‌రోల్‌మెంటుకి బార్ కౌన్సిళ్ళు వేలకి వేలు వసూలు చేసేవి. 2024 జులై 30న సుప్రీంకోర్టు చట్టంలో రాసినంతే, అంటే 750 రూపాయలే తీసుకోవాలంది. ఎస్సీ, ఎస్టీలకైతే 125. అదే ఏడు అక్టోబర్లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకి పట్టణాల్లో నెలకి కనీసం ఇరవై వేలు, పల్లెల్లో పదిహేను వేలు ఇవ్వమని సీనియర్లకి సిఫార్సు చేసింది. సిఫార్సు అన్న మాట జాగ్రత్తగా వినండి. నాకు తెలిసిన ఆఫీసుల్లో ఎంత ఇస్తారో రేడియోలో చెప్తే, రేపు బార్ రూములో నాకు టీ పోసేవాడుండడు. ఆడపిల్లలకి ఇంకో కష్టం. ఆఫీసు పని రాత్రి తొమ్మిదికి తెమిలితే గాజువాక చేరేసరికి పది దాటుతుంది. సీనియర్లు ఆ మాత్రం ఆలోచించి సాయంత్రం పని పొద్దుటికి మార్చుకోవచ్చు. నేను మార్చుకోవడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

ఇంకొకటి. 2025 మే 20న సుప్రీంకోర్టు, జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ళు ప్రాక్టీసు ఉండాలని మళ్ళీ పెట్టింది. కోచింగ్ సెంటర్లలో కూర్చున్న పిల్లలు చాలా బాధపడ్డారు. వాళ్ళ బాధ నాకు తెలుసు. కానీ "ఒగ్గీసినాను" అన్నది విన్న మనిషి రేపు ఆ కుర్చీలో కూర్చుంటే బాగుంటుందని నాకు లోపల ఉంది.

మొన్న ఆ అమ్మాయికి మూట్ కోర్టు వైవా అయింది. సాయంత్రం ఫోను చేసింది. రికార్డులో రంగు అంచుల్లేవు, స్కెచ్‌పెన్ను లేదు. కేసు నంబరు, కోర్టు హాలు నంబరు, సాక్షి మాట ఆయన అన్నట్టే తెలుగులో, దాని కింద టైపైన ఇంగ్లీషు. ఎగ్జామినరు పేజీలు తిప్పుతూ ఆ చోట ఆగారట. రెండు నిమిషాలు చదివారట. తరవాత సెక్షన్లేమీ అడగలేదు.

"అయితే అమ్మా, ఆ భూమి చివరికి ఎవరిదైంది?" అన్నారట.

"తీర్పు ఇంకా రాలేదండి. ఇరవై రెండుకి వాయిదా పడింది" అని చెప్పిందట.